ఖాళీ ట్రిప్పు

టైర్ల కొట్టు మరిది నవ్వుతూ టాక్సీ స్టాండులోకి వచ్చాడంటే ఎవరికో మూడినట్టే. ఆ ఎవరో తనేనని, అతను కారు బానెట్ మీద చెయ్యి వేసి నిలబడగానే గేరక్కకి అర్థమైపోయింది.

"బాగున్నారా వదినా?"

"నువ్వొచ్చేదాకా బాగానే ఉన్నా."

"అంత కోపమెందుకు? మీ డ్రైవర్ల సంఘాన్ని మెచ్చుకుందామని వచ్చాను. యజమాని లేడు, దాపరికం లేదు. ఏ కారు ఎక్కణ్ణించి ఎక్కడికి పోయిందో మీ అందరి ఫోన్లలో ఉండే చిట్టా, అదే ఆ బ్లాక్‌చెయిన్‌లో ఎవరైనా చూసుకోవచ్చు. నేనూ చూశాను." అతను గొంతు తగ్గించాడు. "మీ కారు మిల్లు వెనక వీధి నుంచి వారం వారం ఖాళీగా వస్తోంది. అక్కడికి వెళ్ళిన ట్రిప్పు మాత్రం ఒక్కటీ లేదు. వెళ్ళకుండానే ఎలా తిరిగొస్తారు వదినా?"

గేరక్క చెయ్యి కారు తాళాల మీదకి పోయింది.

"ఆ వీధిలో ఉన్నవి మూడే భవనాలు. సాయంత్రంలోగా నా పెళ్ళాం దొరుకుతుంది. చెబుదామనే వచ్చా." అని బానెట్ మీద రెండు తట్లు తట్టి వెళ్ళిపోయాడు.

అతను చెయ్యి విరగ్గొడితే చెల్లెలు కట్టుబట్టలతో బయటపడింది. ఆమె దగ్గరికి అతను వెళ్ళకూడదని కోర్టు రాసిచ్చిన కాగితం ఉంది. కాగితం తలుపుకి గొళ్ళెం పెట్టదుగా! అందుకే గేరక్క ఆమెని మిల్లు వెనక రెండో భవనంలో, కిటికీలు కూడా తెరవనివ్వకుండా దాచింది. సరుకులు తీసుకెళ్ళే ప్రతిసారీ జాగ్రత్తగా రికార్డు ఆపేసి, సొంత పని కింద వెళ్ళింది. వచ్చేటప్పుడు మాత్రం చెయ్యి అలవాటుగా ఫోనులో "ఖాళీ ట్రిప్పు" నొక్కేసింది. సంఘంలో ఖాళీగా తిరిగొచ్చిన కారుకి క్యూలో ముందు వరస దక్కుతుంది. ఏళ్ళ తరబడి పడిన అలవాటు. డ్రైవరుగా పుట్టినవాళ్ళు తప్ప ఇంకెవరూ చెయ్యని తప్పు!

గబగబా కారెక్కి ఇంజన్ స్టార్ట్ చేసింది. గేరు వెయ్యబోతూ అద్దంలోకి చూసింది. రోడ్డవతల అతని వ్యాను, దాని ఇంజనూ స్టార్టయి ఉంది.

అదీ సంగతి! అతనికి ఏ భవనమో తెలీదు. తను బెదిరి పరిగెత్తితే వెనకే రావాలని ఎదురుచూస్తున్నాడు. గేరక్క ఇంజన్ ఆపేసి, తీరిగ్గా దిగి, వర్క్‌షాపు వెనక షెడ్డులోకి నడిచింది.

షెడ్డులో మూడు కంప్యూటర్లు, పాత బ్యాటరీల గుట్ట, వాటి మధ్య కూర్చుని చిక్కుముడి. గేరక్కతో బడిలో ఒకే బెంచీ మీద కూర్చున్న మనిషి, సంఘం రికార్డు నడిపే ప్రోగ్రాం మొత్తం రాసింది ఆమే. ఎంత చిక్కు లెక్కైనా విప్పేదాకా తిండి తినదని ఆ పేరొచ్చింది.

"ఏమే, ఆ పాత ట్రిప్పులు చెరిపెయ్యి!" అంది గేరక్క తలుపు మూస్తూనే. జరిగింది మూడు ముక్కల్లో చెప్పింది.

"చెరపడమా? నలభైమంది ఫోన్లలో నలభై కాపీలున్నాయి. ఒకరు చెరిపితే మిగతావి ఒప్పుకోవు. దానికోసమే కదుటే ఇది పెట్టుకుంది!"

"అయితే ఇంకో కారు పంపించి, రికార్డు ఆపి తీసుకొచ్చేస్తా."

"ఆ వీధిలో ఏ కారు రికార్డు ఆగితే అందులోనే నీ చెల్లెలుందని అతనికి తెలిసిపోతుంది. నువ్వు దొరికిందే అలా! ఊరంతా దీపాలు పెట్టుకున్నప్పుడు ఒక్క ఇల్లు చీకటిగా ఉంటే అందరూ ఆ ఇంటికేసే చూస్తారు." అంటూనే చిక్కుముడి లేచి నిలబడింది. కళ్ళు మెరుస్తున్నాయి. "కానీ అందరూ ఒక్కసారే దీపాలార్పేస్తే?"

"నీ కొత్త పద్ధతా?"

"అదే! సిద్ధంగా ఉంది. విను. నేను తాళం తీసి చూపిస్తే తాళంచెవి నా దగ్గరుందని నమ్ముతావు కదా? చెవి నీ చేతిలో పెట్టక్కర్లేదుగా? ఇదీ అంతే. ట్రిప్పు నిజం, దూరం నిజం, క్యూలో వంతు న్యాయం. ఇవన్నీ లెక్క రుజువు చేస్తుంది. ఎక్కడికో, ఎవరితోనో చెప్పదు! ఇవాళ కార్లు. రేపు రోగమేంటో చెప్పకుండా మందులు కొనుక్కోవచ్చు. ఎవరికి వేశామో చెప్పకుండా ఓటు లెక్కపెట్టించొచ్చు. పుట్టిన తేదీ చెప్పకుండా వయసొచ్చిందని నిరూపించొచ్చు!"

"నా వయసుకి అది బాగా పనికొస్తుంది. మరి ఆలస్యమెందుకు?"

"మీ పెద్దాయన! రెండుసార్లు ఓటు పెడితే రెండుసార్లూ అడ్డం పడ్డాడు. సగంమంది ఆయన వెనకే. ఆయన ఊ అంటే ఇప్పుడే ఓటు, ఇప్పుడే అమలు."

పెద్దాయన స్టాండు బెంచీ మీద కాళ్ళు చాపుకుని పేపరు చదువుతున్నాడు. సంఘం పెట్టిన మొదటి ఐదుగురిలో ఒకడు. గేరక్క పక్కన కూలబడింది. అసలు సంగతి చెప్పేస్తే? కానీ నలభై కార్లకీ టైర్లు వేసేది మరిది కొట్టే. పెద్దాయన కారుకి కిందటి వారమే వేశాడు. మాట అటు పొక్కితే?

"బాబాయ్, కొత్త పద్ధతికి ఒప్పుకో."

"మళ్ళీ అదేనా? దొంగపని చేసేవాడికే తల్లీ దాపరికం. మనకేం దాచుకోవాల్సిన ఖర్మ?"

"కారణం అడక్కుండా ఒప్పుకోలేవా?"

"కారణం లేకుండా నేను తుమ్మను కూడా."

రోడ్డవతల వ్యాను కదల్లేదు. గేరక్క ఫోను తీసి, పెద్దాయన కారు రికార్డు తెరిచి, ఆయన పేపరు మీద పెట్టింది.

"ఇదేంటి?"

"నీ ఖాళీ ట్రిప్పులు బాబాయ్. వారంలో మూడుసార్లు కేకుల కొట్టు దగ్గర్నుంచి."

పెద్దాయన పేపరు గాలికి రెపరెపలాడింది. అటూ ఇటూ చూశాడు. "అక్కడ... పార్కింగు బాగుంటుంది."

"షుగర్ మాత్రలు వేసుకునే మనిషికి అక్కడే బాగుండాలా? ఇది పిన్ని కూడా చూడొచ్చు. ఫోనుంటే చాలు."

"ఎవరికైనా చెప్పావా?"

"చెప్పను. ఎప్పటికీ చెప్పను." అలా అంటుంటేనే గేరక్కకి తట్టింది. మరిది తనతో ఆడిన ఆటే తను ఈ ముసలాయనతో ఆడుతోంది. ఫోను వెనక్కి లాగేసుకుంది. "తప్పయింది బాబాయ్. బెదిరిద్దామని కాదు. దొంగపని చెయ్యనివాడికి కూడా ఒక తలుపు కావాలి. అంతే. నువ్వు వద్దంటే వద్దు."

పెద్దాయన ఆమె మొహంలోకి చూశాడు. తర్వాత ఆమె చూపు వెంటే రోడ్డవతలికి చూశాడు. వ్యాను కనిపించింది. వ్యాను మీద టైరు బొమ్మా కనిపించింది. చెయ్యి విరిగిన పిల్ల సంగతి స్టాండులో తెలియందెవరికి?

ఆయన పేపరు మడిచి పక్కన పెట్టాడు. ఫోను తీసి సంఘం గ్రూపులో వాయిస్ మెసేజి పెట్టాడు: "ఒరేయ్, ఓటు తెరుస్తున్నారు. నేను కొత్త పద్ధతికే వేస్తున్నా. ఎందుకని అడిగినవాడి క్యూ నంబరు చివరికి పోతుంది!"

ఫోన్లు ఒకదాని తర్వాత ఒకటి టింగుమన్నాయి. "ముసలాయనకి ఎండదెబ్బ తగిలిందా?" అని ఒకడు, "నేను పుట్టినప్పట్నుంచీ కొత్త పద్ధతే" అని ఇంకొకడు. చిక్కుముడి షెడ్డు గుమ్మంలోకొచ్చి రెండు చేతులూ పైకెత్తింది. నెగ్గింది! ఆ వెంటనే ఆమె సందేశం వచ్చింది: "కొత్త పద్ధతికి పరీక్ష. అన్ని కార్లూ మిల్లు వెనక వీధికి రావాలి. మూడు భవనాల్లో ఏదో ఒకదాని సెల్లారులో దూరి, బయటికొచ్చి, ఎవరి ఇష్టమొచ్చిన దిక్కుకి వాళ్ళు పోవాలి."

"రెండోది బాబాయ్. పై అంతస్తు, ఎడమ తలుపు," అంది గేరక్క పెద్దాయన చెవిలో. "ఎక్కడికి తీసుకెళ్తావో నాకు కూడా చెప్పకు."

"నా కేకులు నీ దగ్గర, నీ చెల్లెలు నా దగ్గర," అని పెద్దాయన స్టీరింగు ముందు కూర్చున్నాడు. అంత హుషారుగా ఆయన కారెక్కడం ఆమె ఎప్పుడూ చూడలేదు.

నలభై కార్లు ఒక్కసారిగా కదిలాయి. హారన్లతో రోడ్డు దద్దరిల్లిపోయింది. మరిది వ్యాను గేరక్క కారుకి జిగురులా అంటుకుంది. మిల్లు వెనక వీధి మొదట్లో అతని కొట్టు కుర్రాళ్ళిద్దరు కాపలా ఉన్నారు. కార్లు వరసగా లోపలికి పోయి, సెల్లారుల్లో మాయమై, మళ్ళీ పైకొచ్చి తలో దిక్కూ పరిగెడుతుంటే ఏ కారు వెంట పడాలో తెలియక నోళ్ళు తెరిచారు. గేరక్క మొదటి భవనంలో దూరి, ఒక చుట్టు తిరిగి, బయటికొచ్చి వంతెనెక్కేసింది. వ్యానూ వెనకే ఎక్కింది. గుండె ఇంజన్ కంటే గట్టిగా కొట్టుకుంటోంది. అయినా చాన్నాళ్ళ తర్వాత పాడాలనిపించింది. పాడింది కూడా, శ్రుతి లేకుండా.

వంతెన దిగాక పెట్రోలు బంకులో ఆగింది. మరిది దూకినట్టు దిగి ఆమె కారు వెనక సీట్లోకి తొంగిచూశాడు. ఖాళీ! డిక్కీ తియ్యమన్నాడు. తీసింది. స్టెప్నీ టైరు.

"మీ కొట్టుదే మరిదిగారూ. గాలి సరిగా నిలవట్లేదు."

అతను ఫోను తీసి రికార్డు తెరిచాడు. నలభై ట్రిప్పులు. నలభైకీ పక్కన ఒకే రకం పచ్చ టిక్కు. కారు లేదు, వీధి లేదు, వైపు లేదు. వేలితో పైకీ కిందకీ తోశాడు. ఎంత తోసినా అవే టిక్కులు.

"ఎక్కడికి పంపావ్?" డిక్కీ ధడాలున మూశాడు.

"నాకు తెలీదు."

"అబద్ధం!"

"ఒట్టు! నిజంగా తెలీదు." అంటుంటే గేరక్కకి నవ్వాగలేదు. ఇన్ని నెలల్లో అతనికి నిజం చెప్పి కూడా భయపడకపోవడం ఇదే మొదటిసారి. "కావాలంటే నలభై కార్ల వెంటా పడు. నీ టైర్లే అరుగుతాయి."

వ్యాను వెళ్ళిపోయిన కాసేపటికి ఆమె ఫోను మోగింది. ఏదో తెలియని నంబరు.

"అక్కా! వచ్చేశాం! ఇక్కడ కిటికీలు తెరుచుకోవచ్చట! బాబాయ్ దారిలో ఆగి కేకు కొనిపెట్టారు. ఆయన రెండు తిన్నారు. ఎక్కడున్నానో తెలుసా..."

"చెప్పకే!" గేరక్క గట్టిగా అరిచింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. "ఊరు చెప్పకు, వీధి చెప్పకు. కిటికీ సంగతి మాత్రం మళ్ళీ చెప్పు."