దఖ్లా పొగమంచు, చవక జాయ్‌స్టిక్

కాసాబ్లాంకాలోని ఆ మేడలో తడిబట్టలు ఎవరూ డాబా మీదికి మొయ్యరు. బకెట్లు పట్టుకుని నేరుగా తురియా ఇంటికి వస్తారు. తురియా కూతురు వియామ్ బడినుంచి వచ్చి, రొట్టెను ఆలివ్ నూనెలో ముంచుకుని తిని, కన్సోల్‌లో విమానం ఆట మొదలుపెడుతుంది. తెరమీద విమానం ఏ ఊరిమీద ఎగిరితే ఆ ఊరి గాలి గదిలోకి వస్తుంది. బట్టలు ఆరతాయి.

"పిల్లా, ఇవాళ ఎడారివైపు పో," అంటుంది కింది వాటా లల్లా ఖనాతా. "నిన్న సముద్రమొడ్డు టాంజియర్ తిప్పావు. నా దుప్పట్లు ఇంకా ఏడుస్తూనే ఉన్నాయి."

ఈ వారం వియామ్ ఎవరి మాటా వినడంలేదు. వాళ్ళ నాన్న లార్బీ దూరాన దఖ్లాలో, చేపల పడవమీద మెకానిక్కు. దఖ్లామీద పొగమంచు దిగి కూర్చుంది. రేవు మూసేశారు. పడవ ఫోను అందేంత దగ్గరలోనే ఉంది కానీ, లోపలికొచ్చే దారి కనబడదు. "తాగే నీళ్ళు గ్లాసుతో కొలిచి ఇస్తున్నారు," అని లార్బీ ఒక్కసారే అన్నాడు. మిగతాసేపంతా కూతురి లెక్కల మార్కుల గురించే ఆరా.

ఆ మంచును ఇటు లాగేయాలంటే సముద్రానికి ఖర్జూరం చెట్టంత ఎత్తులో, నిదానంగా చుట్లు కొట్టాలి. వియామ్ చేతిలోని ఆట ప్యాడ్‌కేమో బొటనవేలంత పుల్ల. కాస్త కదిపితే విమానం తలకిందులు. గుప్పెడు మంచు గదిలోకి వచ్చేలోపే నీళ్ళలో పడేది.

"దీనితో కాదమ్మా. జాయ్‌స్టిక్ కావాలి," అంది వియామ్.

తురియా టమాటాలు కూడా ఒక్కొక్కటీ నొక్కిచూసి కొనే మనిషి. కూతుర్ని వెంటబెట్టుకుని దర్బ్ ఘలెఫ్ పాతసామాన్ల సంతకు పోయింది.

"ఇది చూడక్కా, అచ్చం అసలు విమానంలోంచి పీకి తెచ్చినట్టుంటుంది!" కొట్టతను అబ్దెల్‌మౌలా ఇనుప జాయ్‌స్టిక్ ముందు పెట్టి, కాళ్ళతో తొక్కే పెడళ్ళు కూడా పక్కన పేర్చి, ధర చెప్పాడు.

"విమానం కూడా దాంతోపాటే ఇస్తావా?" అంది తురియా.

అతను నవ్వి, నిండా బటన్లున్న నల్లది తీశాడు. చవకే. తురియా చెయ్యి సంచిలోకి పోయింది. వియామ్ ఆ చెయ్యి పట్టుకుంది.

"ఇది కంప్యూటర్‌కి చేసిందమ్మా. మన కన్సోల్ దీన్ని గుర్తుపట్టదు."

"తీగ దూరుతుంది కదే?"

"దూరుతుంది. అంతే."

తురియా చెయ్యి వెనక్కి తీసుకుంది. ఇంటికెళ్ళాక తెలిసుంటే? ఇక డబ్బామీది బొమ్మల్ని నమ్మలేదు. అతను తీసిన ఇంకోదాన్ని కొట్లో ఉన్న కన్సోల్‌కే తగిలించి చూపించమంది. "ఇప్పుడు చెయ్యి వదిలెయ్," అంది కూతురితో. వదలగానే తెరమీద విమానం ఎడమకి ఒరిగిపోయింది.

"వాడిన సరుకక్కా, రెండ్రోజులు అలవాటు పడితే..."

"మా ఆయనకి అలవాటు పడ్డాను, చాలు. ఇంకోటి తియ్యి."

చివరికి బూడిదరంగుది వచ్చింది. వదిలితే నిటారుగా నిలబడింది. పిడి మెలితిప్పితే విమానం ముక్కు తిరిగింది, పెడళ్ళతో పనిలేదు. వేగం పెంచే మీట పక్కనే ఉంది. వియామ్ కళ్ళు పెద్దవయ్యాయి.

"అబద్ధమెందుకు, దీని అడుగు తేలిక. గట్టిగా లాగితే బల్లమీంచి లేస్తుంది. అందుకే ఈ ధర," అన్నాడు అబ్దెల్‌మౌలా.

"నొక్కిపెట్టడానికి నేనున్నాగా," అంది తురియా.

ఆ సాయంత్రం తురియా నేలమీద మోకాళ్ళేసి, రొట్టెపిండి అదిమినట్టు రెండు చేతులా జాయ్‌స్టిక్ అడుగుభాగాన్ని బల్లకి అదిమింది. వియామ్ పిడి పట్టుకుంది. విమానం దఖ్లా నీళ్ళమీదికి దిగింది, ఒరిగింది, పడలేదు. ఒక చుట్టు తిరిగింది. మరో చుట్టు తిరిగేసరికి టీవీ కిందినుంచి మంచు పాకడం మొదలైంది. చేపవాసనతో, ఉప్పుతో, తెల్లగా గదంతా కమ్మేసింది.

"కిటికీలు తీయండే!" అని అరిచింది లల్లా ఖనాతా. ఆరిన బట్టలు ఎవరివో చూడకుండా చంకలకెత్తుకుని, బట్టలకోసం వచ్చిన ఆడవాళ్ళు రొట్టెల పళ్ళేలతో మంచును వీధిలోకి విసరసాగారు. కింద బస్సులు లైట్లు వేసుకున్నాయి.

"ఇంకా ఉందా?"

"బోలెడుంది!"

"లాగు పిల్లా, లాగు!"

వియామ్ పళ్ళు బిగించి లాగింది. తురియా భుజాలు వణికాయి, చేతులు కదల్లేదు.

ఫోను మోగింది. లల్లా ఖనాతా దాన్ని తురియా చెవికి ఆనించింది.

"రేవు కనిపిస్తోంది," అన్నాడు లార్బీ. తర్వాత ఇంజను చప్పుడు, ఎవరివో కేకలు, చాలాసేపు. "తురియా, దిగాను. నేలమీద నిలబడి మాట్లాడుతున్నా. నీళ్ళు తాగాను. కడుపు పగిలేలా తాగాను."

ఆడవాళ్ళు నాలుకలాడించి వేసిన సంబరం కేకలు మెట్లన్నీ ఎక్కిదిగాయి.

"అమ్మా, నాన్న దిగాడు. ఇంక చేతులు తియ్యి."

"నువ్వింకా పైనే ఉన్నావు," అంది తురియా. "ముందు దిగు."

వియామ్ విమానాన్ని మెల్లగా ఒడ్డువైపు తిప్పింది. చక్రాలు నేలకి ఆనాయి, ఒక్క కుదుపు లేకుండా. అప్పుడు తీసింది తురియా చేతులు.