వేడినీళ్ల కాల్వలో తల్లిగారి చీర

ఓదెలు మోకాలి లోతు నీళ్లలో నిలబడి ఉన్నాడు, నీళ్లు స్నానానికి కాచినంత వెచ్చగా ఉన్నాయి. కరెంటు ఫ్యాక్టరీ వదిలే వేడినీళ్ల కాల్వ అది, కానీ ఇవాళ దానికి అవతలి గట్టు లేదు, పొగమంచులోంచి ఒకసారి ఫ్యాక్టరీ పొగగొట్టం కనిపిస్తుంది, మళ్లీ చూస్తే అదే చోట అతని ఇంటి దర్వాజ నిలబడి ఉంటుంది. పుష్యమాసపు చలికి తాళలేక గోదావరి చేపలన్నీ ఇక్కడికి చేరతాయి. ప్రతి చలికాలం ముగ్గురు వచ్చేవారు, ఓదెలు, అతని భార్య మల్లక్క, ఆమె తమ్ముడు గట్టయ్య. ఆ ఇద్దరూ చచ్చిపోయారని ఓదెలుకు తెలుసు. తెలిసే గాలం నుంచి జిలేబీ చేపను పీకి, దాని తల మీద రాయితో కొడతాడు. చేప చావదు. మళ్లీ కొడతాడు.

"ఒక్కదాన్నే ఎన్నిసార్లు సంపుతవ్ బావా?"

గట్టయ్య. తాగి తాగి పోయిననాటి ఎండిన మొహం పోయి, పాతికేళ్ల నున్నటి మొహంతో వచ్చాడు. చేతుల్లో పసుపు అంచు ఎర్రచీర, మడత విప్పనిది.

"నువ్వు చచ్చిపోయినవ్ గదరా. ఇంకేం పని?"

"అక్కకు చీర తెచ్చిన."

ఆడమనిషి పోతే తల్లిగారింటి చీర రావాలి, అది కప్పాకే పాడె లేవాలి. మల్లక్క శవం వాకిట్లో ఉన్ననాడు గట్టయ్య ఈ చీరతోనే వచ్చాడు. అంతకుముందు చేపల కోసం వాడు కాల్వలోకి విసిరిన మందుగుండు తోటా పేలలేదు. 'ఆరిపోయిందే అక్కా, దిగు' అన్నాడు. ఆమె దిగాక పేలింది. చంపిన చేతులతోనే చీర కప్పుతావా అని ఓదెలు ఊరంతా చూస్తుండగా వాణ్ని వెదురుబద్దతో కొట్టి తరిమాడు. మల్లక్క తన పాతచీరతోనే కాలింది.

"అక్క నీళ్లల్లనే ఉన్నది బావా. బయటికి రానంటున్నది."

ఎప్పుడు వచ్చిందో, ఎప్పటినుంచి ఉందో, మల్లక్క ఆవిరి మధ్య మెడ దాకా నీళ్లలో, పొయ్యి ముందు చలి కాగుతున్నంత తీరుబడిగా కూర్చుని ఉంది.

"లే, ఇంటికి పోదాం," అంటాడు ఓదెలు.

"ఎట్ల లేవాలె? ఈడైతే వెచ్చగున్నది. బయట చలి. నా మీద ఏం కప్పుతవ్?"

"నా దుప్పటి కప్పుత."

"నీ దుప్పటి బతికినన్నాళ్లు కప్పుకున్న. తల్లిగారిది అడుగుతున్న."

గట్టయ్య చీరతో నీళ్లలోకి దిగుతాడు. చేపను కొట్టిన రాయితోనే ఓదెలు వాడి మూతి మీద కొడతాడు. పళ్లు రాలి నీళ్లలో పడతాయి, జిలేబీలు బియ్యపు గింజల్లా వాటిని ఎగబడి మింగుతాయి. గట్టయ్య నెత్తుటి నోటితో నవ్వుతాడు.

"ఏం మారలె బావా నువ్వు. పెండ్లిల నీ కాళ్లు కడుగుతుంటె గూడ నీళ్లు సల్లగున్నయని నన్ను తన్నినవ్."

"నాకు సల్లనీళ్లు పోసినవ్, దాన్ని ఉడుకునీళ్లల్ల సంపినవ్. దొంగనాకొడకా!"

ఓదెలు వాడి మెడ పట్టుకుని నీళ్లలోకి తొక్కుతాడు. వాడు తన్నుకోడు, గింజుకోడు. తల మునిగినా, భుజాలు మునిగినా, చీర పట్టుకున్న రెండు చేతులు మాత్రం నీళ్లపైన నిటారుగా నిలబడి ఉంటాయి.

"అది అందుకో. తడుస్తది," అంటుంది మల్లక్క.

"నా చేతులు ఖాళీ లేవు."

"ఒక్కటి తియ్యి."

"తీస్తే లేస్తడు."

"లేవనియ్యి."

"లేవనియ్య."

ఎక్కడో ఫ్యాక్టరీ ఆగిపోయినట్టు నీళ్ల చప్పుడు మారుతుంది, ఆవిరి పలచబడుతుంది, ఓదెలు పిక్కలకు చలి తగులుతుంది. మల్లక్క పళ్లు టకటకమంటాయి. "నీళ్లు సల్లబడుతున్నయయ్యా. నేను ఈడ ఉండలేను. ఒక్క చెయ్యి." గట్టయ్య మోచేతులు మునుగుతాయి, మణికట్లు మునుగుతాయి. చీర వాడి వేళ్ల కొసన ఉంది, ఓదెలు గడ్డానికి జానెడు దూరంలో ఉంది, కొత్తబట్ట గంజివాసన ముక్కుకు తగులుతోంది. ఓదెలు రెండు చేతులతో ఇంకా కిందికి అదుముతాడు. చీర నీళ్లను తాకి, మడత విప్పుకుని, ఎర్రగా పరుచుకుని, బరువెక్కి మునుగుతుంది.

"తడిసింది," అంటుంది మల్లక్క.

ఓదెలు కళ్లు తెరిచేసరికి తెల్లారింది. రెండు చేతుల మధ్య దిండు నలిగి ఉంది, పట్టు వదలడానికి వేళ్లు ఒక్కొక్కటే విప్పాల్సి వస్తుంది. ఒళ్లంతా వణుకుతోంది. రగ్గు మంచం దిగి నేల మీద పడి ఉంది. పక్కన నీళ్ల బిందె బోర్లా పడి ఉంది. రగ్గు అందుకుని అటూ ఇటూ తిప్పి చూస్తాడు. కప్పుకోవడానికి ఒక్క మూల కూడా పొడిగా లేదు.