దక్షిణం వైపు చెయ్యి

గోబీలో తెల్లవారేసరికి, రాత్రంతా కాసి అలిసిన చుక్కలు దుల్మా ముసలమ్మ మేకపాల బిందెలోకి దిగి మీగడలా తేలేవి. ఆమె తొమ్మిది గుంటల కొయ్యగరిటతో పాలూ చుక్కలూ కలిపి ముంచి, ఒక్కో దిక్కుకీ తొమ్మిదిసార్లు తిరిగి ఆకాశంలోకి చిమ్మేది.

అయితే పదకొండేళ్లుగా మూడు దిక్కులకే. దక్షిణాన ఉన్నవి తమ్ముడు షగ్దర్ గుడారాలు. చుక్కలు చూడాలని ఎక్కడెక్కడి వాళ్లో వచ్చి అక్కడే దిగేవాళ్లు. పదకొండేళ్ల కిందట, కొత్త ఏడాది తెల్లనెల పండక్కి అతను అక్కను చూడ్డానికొచ్చి, బయట టూరిస్టుల జీపు హారన్ కొడుతుంటే, ముక్కుపొడుం బుడ్డిని, మర్యాదకి వదులు చెయ్యాల్సిన మూత వదులు చెయ్యకుండానే ఆమె చేతికిచ్చాడు. పెద్దదానికి మూత బిగించిన బుడ్డి ఇచ్చేవాడికి ఆకాశం దేనికి?

ఏటికేడూ అటువైపు చుక్కలు తరిగిపోయాయి. ఈ వేసవికి షగ్దర్ గుడారాల మీద ఆకాశం మాడిన కుండ అడుగులా ఉంది. వచ్చినవాళ్లు దుర్భిణి తిప్పి తిప్పి వేరే బసకి పోయారు. అక్క దగ్గరికి వెళ్లి తప్పు ఒప్పుకోమని చుట్టుపక్కలవాళ్లు చెప్పారు. అతనూ ఆమె తమ్ముడే, వెళ్లలేదు.

చివరికి గుడారాలు విప్పి ఒంటెలకెత్తిన రోజు పొద్దున్నే వచ్చాడు. పెద్దదానికి చెప్పకుండా ఊరు విడవకూడదు మరి.

"పట్నం పోతున్నానక్కా. గోదాము కాపలా."

"పగలా, రాత్రా?"

"రాత్రి."

"నువ్వు రాత్రి మేలుకుంటావురా? చిన్నప్పుడు గొర్రెల దగ్గర పెడితే, తోడేలొచ్చి నీ మొహం వాసన చూసి పోయింది."

షగ్దర్ నవ్వలేదు. టోపీ చేతిలో నలుపుతూ, అక్కడ పొగలో చుక్కలు కనపడవట, తనకదీ మంచిదే అన్నాడు.

దుల్మా గరిట ముంచి దక్షిణానికి తిరిగింది. చెయ్యి భుజం దాటి లేవలేదు. పదకొండేళ్లలో ఆ వైపు ఎత్తడం మరిచిపోయింది. పాలు ఆమె బూట్ల మీదే పడ్డాయి. ఇసుకలో చుక్కలు మిణుకుమిణుకుమంటూ ఉండిపోయాయి.

షగ్దర్ వాటిని ఏరి ఊది బిందెలో వేశాడు. వచ్చి ఆమె మోచేతి కింద అరచెయ్యి పెట్టాడు.

"ఎత్తు," అందామె. "ఇంకా పైకి. వణక్కు, వంకరగా పోతాయి."

మొదటి మూడూ ఆమెకి నచ్చలేదు, మళ్లీ చిమ్మించింది. ఆ పూట టీకి పాలు మిగల్లేదు.

"నిన్ను మన్నించాననుకోకు," అంది, గరిట తుడుస్తూ. "చెయ్యి లేవడం లేదు, అంతే. రేపు వేళకి రా."

షగ్దర్ వెళ్లి ఒంటెల్ని కూర్చోబెట్టి, మూటలు దించడం మొదలుపెట్టాడు.