ఇంటికొక పుస్తకం

మా చర్చి సంఘం నూరేళ్లకు పైగా బాప్టిస్టు. ఇప్పుడు ఆంగ్లికన్ సంప్రదాయంలోకి ఎందుకు మారారని ఆత్మకూరు బస్టాండులో కూడా ఆపి అడుగుతున్నారు. నోటికొచ్చిందేదో చెప్పి పంపించేస్తున్నాను. అసలు కారణం నేను.

మర్రిపాడు దగ్గర మా పల్లెలో ఆదివారం ఇంటికొకరు లేచి సొంత మాటల్లో ప్రార్థన చేయాలి. వినడానికి బాగానే ఉంటుంది. కానీ మావాళ్లు దేవుడికి చెబుతున్నట్టు చెప్పి పక్కింటివాళ్లను దెప్పుతారు. "ప్రభువా, గట్టు జరిపినోళ్ల మనసు మార్చు తండ్రీ" అని రమణయ్య కళ్లు మూసుకుంటే, ఆ గట్టు జరిపింది ఎవరో గుడంతటికీ తెలుసు. ప్రార్థన మధ్యలో ఎదురు చెప్పకూడదు. మాట పడ్డవాడు పై ఆదివారం దాకా కడుపులో పెట్టుకుని, తన వంతు వచ్చాక కళ్లు మూసుకోవాలి. రిటైరైన బడిపంతుల్ని, పైగా సంఘపెద్దని. ఇదంతా చూసి విసుక్కునేవాణ్ణి. నేను అలాంటివాణ్ణి కాదనే అనుకున్నాను.

మూడేళ్ల కిందట మా అమ్మాయి షైనీ డెంగీతో పోయింది. మూడోరోజుకు జ్వరం తగ్గిందని నా భార్య రాహేలమ్మ ఆసుపత్రి వద్దంది. నేనూ సరేనన్నాను. సమాధి చేసిన తర్వాతి ఆదివారం నా వంతు వచ్చింది. లేచి, "ప్రభువా, బిడ్డను ఆసుపత్రికి చేర్చకుండా ఆలస్యం చేసినవాళ్లను క్షమించు" అన్నాను. అందరూ ఆమేన్ అన్నారు, రాహేలమ్మ తప్ప. ఆ రోజు నుంచి ఆమె గుడికి రాలేదు. ఇంట్లోనూ అవసరానికి మించి మాట్లాడలేదు. క్షమించమని అడుగుదామని వంటింట్లోకి వెళ్లడం, కాఫీ గ్లాసుతో తిరిగి రావడం. ఎంత అలిసిపోయానో చెప్పలేను.

పోయిన వేసవిలో పెళ్లికని నెల్లూరు వెళ్లి ఆదివారం ఉండిపోయాం. బంధువులది ఆంగ్లికన్ గుడి. మొహమాటానికి రాహేలమ్మ కూడా వచ్చింది. అక్కడ ప్రార్థనలు పుస్తకంలో ఉంటాయి. తప్పు ఒప్పుకునే చోట పాదిరి అయ్యగారితో సహా అందరూ మోకరించి ఒకే మాట చదివారు. ఎవరూ ఎవరినీ వేలెత్తి చూపలేదు. బయటికొచ్చాక రాహేలమ్మ, "మన గుళ్లో ఇట్టా చదివేదుంటే వస్తా" అంది.

సంఘాన్ని కూర్చోబెట్టి, మనమూ ఆంగ్లికన్‌లో కలిసి పుస్తకం చూసి ప్రార్థన చేద్దామన్నాను. రమణయ్య లేచాడు. "పుస్తకం చూసి చదివేది ప్రార్థనేంది అయ్యోరా? మన తాతలు చెరువులో మునిగి బాప్తిస్మం తీసుకున్నోళ్లు. ఇప్పుడు చంటిబిడ్డల నెత్తిన నీళ్లు పోయించాలా?"

వాదించే ఓపిక నాకు లేదు. "నాకు నోరిస్తే ఏం చేసినానో నువ్వు విన్నావు కదా రమణయ్యా. ఆసుపత్రి వద్దంటే సరే అన్నోణ్ణి నేను. ఆ మాట ఇంతవరకూ ఎవురికీ చెప్పలా" అన్నాను.

 అందరిలోకి పెద్దదైన దేవకమ్మ లేచింది. "ఆదివారం వచ్చిందంటే ఎవురు ఏం దెప్పతారోనని గుండె దడగా ఉంటాది. అలిసిపోయినాం నాయనా. పుస్తకమే రానీ."

చేతులు ఒక్కొక్కటే లేచాయి. ఆఖర్న రమణయ్య కూడా ఎత్తాడు.

మొదటి ఆరాధనకు పుస్తకాలు చాలక ఇంటికొకటే ఇచ్చారు. అందుకని ఆ రోజు ఎప్పటిలా ఆడా మగా విడివిడిగా కాకుండా ఇంటివాళ్లంతా ఒకచోట కూర్చున్నారు. రాహేలమ్మ నా పక్కన మోకరించింది. తప్పు ఒప్పుకునే చోటికి వచ్చేసరికి నాకు అక్షరాలు కనబడలేదు. ఆమె పుస్తకాన్ని నా వైపు జరిపి, వరుస మీద వేలు పెట్టింది.

"వద్దన్నదాన్ని నేను. చదువు, ఇద్దరం చదువుదాం" అంది.