రెండో పేరు

హైమవతి ఫోను చెవికి ఆనించుకుని, టీ చల్లారకుండా కప్పు మీద మూత పెట్టింది. అవతలి మనిషికి పొద్దుటినుంచీ అందరికీ చెప్తున్నదే చెప్పింది. కొండసైకిళ్ల పందెం వారం రోజులు, హిమాచల్ కొండల్లో. ఒంటరిగా ఎవరినీ చేర్చుకోరు, ఇద్దరు జతగా పేర్లివ్వాలి. డాక్టరు సర్టిఫికెట్ ఉండాలి. దారిలో ఒకరి కనుచూపు దాటి ఒకరు పోకూడదు. జతలో ఎవరైనా తప్పుకుంటే ఇంకొకరి పేరు చేర్చడానికి ఈ సాయంత్రమే ఆఖరు.

ఆ చివరి మాట ఆమె గబగబా చెప్పేసింది.

గుర్గావ్‌లోని ఆ ఆఫీసులో ఆమె పని ఫోన్లకు జవాబు చెప్పడమే. పొట్టి మనిషి. పాపిట నెరిసింది. ఏసీ చలికి భుజాల చుట్టూ శాలువా ఎప్పుడూ ఉంటుంది. ఏళ్లుగా పందెం సంగతులు చెప్తున్నా ఆమె ఎన్నడూ సైకిలెక్కలేదు. ఎక్కింది భర్త వరప్రసాద్. సైన్యం నుంచి రిటైరయ్యాక కొన్నాళ్ళకు, ఇక ఊరికే కూర్చోలేక ఆరావళి గుట్టల్లో తొక్కడం మొదలుపెట్టాడు. కిందటి చలికాలం ఒక ఎత్తు ఎక్కుతూ ఊపిరాడక, సైకిలుతో సహా పక్కకు ఒరిగిపోయాడు. గుండె బాగానే ఉందన్నాడు డాక్టరు. ఆమెకు మాత్రం అప్పటినుంచి ఆయన మెట్లెక్కే చప్పుడు వింటే తన ఊపిరే బిగుసుకుపోతుంది.

మొన్న ఈ పందెంలో ఆయన జతగాడు రఘునందన్ స్కూటర్ మీదనుంచి పడి చెయ్యి విరగ్గొట్టుకున్నాడు. అయ్యో అనుకుంటూనే ఆమె లోలోపల తేలికపడింది. రెండో పేరు లేకపోతే ప్రయాణం లేదు.

మధ్యాహ్నం సాయి కిరణ్ మళ్ళీ ఫోన్ చేశాడు. నోయిడాలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఆమె హిందీలో తెలుగు పసిగట్టి నిన్నటినుంచి ఆంటీ అంటున్నాడు.

"ఎవరన్న జోడీ దొరికిన్రా ఆంటీ? లీవు గూడ పెట్టిన. బ్యాగు సర్దుకొని కూసున్న."

"లేరు బాబూ," అంది.

ఫోను పెట్టేసింది. కాసేపు ఏ ఫోనూ ఎత్తలేదు. టీ మీద మీగడ కట్టింది. చివరికి ఇంటికి చేసింది. మొదటి రింగుకే ఎత్తాడు వరప్రసాద్. ఎవరైనా దొరికారా అని అడగలేదు.

"పోన్లే హైమా. ఇప్పుడేమైందని. ఇంట్లో ఉంటా."

యూనిఫాం అప్పగించి వచ్చిన రోజు కూడా ఆయన ఇదే గొంతుతో మాట్లాడాడు. ఆ తర్వాత చాలాకాలం బాల్కనీ కుర్చీలోంచి లేవలేదు.

"ఒకతనున్నాడండీ," అంది ఆమె. "నిన్నటినుంచీ అడుగుతున్నాడు. నేనే చెప్పలేదు. ఆయాసమొస్తే దిగిపోతానని మాటివ్వండి."

"ఠీక్ హై," అన్నాడు మెల్లగా.

సాయి కిరణ్‌కు కూడా తనే చెప్పింది. "మా ఆయనే బాబూ. నిదానంగా తొక్కుతారు. వదిలేసి ముందుకెళ్ళకు."

"నా కండ్ల ముంగట్నే ఉంటరు ఆంటీ."

భర్త పేరు పక్కన రెండో పేరు తనే టైపు చేసింది. రెండు అక్షరాలు తప్పు పడితే చెరిపి మళ్ళీ కొట్టింది.

సాయంత్రం ఢిల్లీ కశ్మీరీ గేట్ బస్టాండులో బస్సు పైకప్పు మీద సైకిళ్ళు కట్టారు. వరప్రసాద్ కిటికీలోంచి చెయ్యి ఊపాడు. ఆమె ఊపబోయేసరికి ఇంకో బస్సు అడ్డొచ్చింది. అది పక్కకు తప్పుకునేసరికి అక్కడ పొగ తప్ప ఏమీ లేదు.

ఇంటికొచ్చి లైటు వేసింది. కొండల్లో దండగ బరువని ఆయన విప్పేసిన సైకిలు బెల్లు షూ ర్యాకు మీద, పాత పేపరు ముక్కలో ఉంది. ఆయన బొటనవేలు ఆని ఆని దాని మీట మీద వెండి రంగు పోయి, లోపలి ఇత్తడి పసుపుగా తేలింది.