గుంజ మీద కత్తిగాటు

వదిన ఫోన్ చేసేసరికి సముద్రం పోటు మొదలై రెండు గంటలైంది.

"అమ్మాయ్, ఇవాళ నీళ్లు ఎంత ఎక్కుతాయి?"

ప్రతి బుధవారం ఇదే ప్రశ్న. రేవు ఆఫీసులో గంటగంటకీ నీటిమట్టం రాయడం ఈ ఆడపడుచు పని. అన్నయ్య ఆమెతో మాట మానేసి మూడేళ్లయింది. అడగాల్సినవన్నీ వదినే అడుగుతుంది.

"అమావాస్య కదా వదినా, మామూలు కంటే మూరెడు ఎక్కువ. ఎర్ర గీత తడవగానే వచ్చెయ్యమను."

"ఇంకెక్కడ చెప్పేది? పొద్దున్నే వెళ్లాడు. ఫోన్ ఇక్కడే పడుంది. అయినా ఆ ఎర్ర గీతని నమ్మట్లేదు మీ అన్నయ్య. గుంజ జానెడు దిగబడిందట. గీతకి జానెడు పైన కత్తితో గాటు పెట్టుకున్నాడు. మీ చెల్లెలికి చెప్పకూడదా అంటే, దానికి కళ్లు లేవా అన్నాడు. ఇద్దరూ ఇద్దరే."

ఆమె చేతిలో పెన్ను ఆగిపోయింది.

"ఎప్పుడు పెట్టాడు వదినా?"

"పోయిన బుధవారం. ఏం?"

"ఏం లేదు. నేను మళ్లీ చేస్తాను."

రేవుకి మైలు దూరంలో, నీటి అడుగున గడ్డి మొలిచిన మెరక ఉంది. నీళ్లు పిక్కల దాకా ఎక్కినప్పుడు పెద్ద చేపలు దాని మీదకొచ్చి, తల గడ్డిలో దూర్చి పీతల్ని తవ్వుకుంటాయి. అప్పుడు వాటి తోకలు నీటిపైకి లేస్తాయి. అంతకంటే తక్కువ నీళ్లుంటే చేప రాదు. ఎక్కువుంటే వస్తుంది గానీ తోక కనపడదు. అందుకే నాన్న అక్కడ గుంజ పాతి రెండు గీతలు గీశాడు. తెల్లది తడిస్తే గాలం వెయ్యాలి. ఎర్రది తడిస్తే ఇంటికి రావాలి. ఎందుకంటే మెరకకీ ఒడ్డుకీ మధ్య ఒక పాయ ఉంది. నీళ్లు ఎర్ర గీతని తాకేసరికి ఆ పాయలో ఛాతీ దాకా లోతుంటుంది. ఇంకో జానెడు ఎక్కితే కాళ్లు నిలవవు, ఈతగాణ్ణయినా ఉరవడి సముద్రంలోకి ఈడ్చేస్తుంది.

నాన్న పోతూ పడవ ఆమెకిచ్చాడు. ఆ రోజు నుంచి అన్నయ్య ఒడ్డున సైకిల్ పెట్టి, పాయలో నడిచే వెళ్తున్నాడు. అతనికి బుధవారం, ఆమెకి ఆదివారం. ఎవరూ చెప్పుకోలేదు, అలా కుదిరిపోయింది.

మొన్న ఆదివారం గుంజ దిగబడిందని ఆమె కూడా చూసింది. గంటసేపు బురదలో పెనుగులాడి, జానెడు పైకి లాగి, అడుగున రాళ్లు కూరి సరిచేసింది. ఎర్ర గీత పైన గాటు కనపడింది. ఏదో పడవ తాడు ఒరుసుకుందనుకుంది.

గుంజతో పాటు గాటూ జానెడు పైకి లేచింది, ఇప్పుడు అది తడిసేదాకా అన్నయ్య కదలడు.

ఆమె పరుగు తీసింది. జెట్టీ కాపలాదారు స్టూలు మీంచి తలెత్తాడు.

"ఏంటమ్మా, సముద్రం గానీ ఎండిపోయిందా?"

"నిండుతోంది బాబాయ్. ఆ తాడు విప్పు."

మెరక అంచు దాకా ఇంజన్ లాక్కొచ్చింది. అక్కడ గడ్డి చుట్టుకుంటుందని ఆపేసి, పడవ నెట్టే గెడ అందుకుంది. అంచు పక్కనే ఉన్న పాయలో గెడ దించి చూసింది. గెడ మీద తడి ఆమె గడ్డం దాకా వచ్చింది.

అన్నయ్య గుంజ పక్కనే నిలబడి ఉన్నాడు. పాయకి వీపు తిప్పి, తోకల కోసం నీళ్లు వెతుకుతున్నాడు. గాటు తడవడానికి ఇంకా నాలుగు వేళ్లుంది.

"అన్నయ్యా."

మూడేళ్లలో మొదటి మాట. అతను వెనక్కి తిరగలేదు.

"గెడ చప్పుడు చెయ్యకు. ఉన్న నాలుగు చేపలూ పోతాయి."

"ఎప్పుడో పోయాయి. తోకలు ఆగి ఎంతసేపైంది?"

"పావుగంట. ఇవాళ తెల్లగీతకే లేచాయి, అదృష్టం అనుకున్నా. నీకెందుకు?"

"గుంజని జానెడు పైకి ఎత్తాను. ఆదివారం."

అతను గాటు చూశాడు. తర్వాత వంగి, తొడ దాకా ఎక్కిన నీళ్లు చూసుకున్నాడు. కాలు బురదలో దిగిందనే అనుకున్నాడు ఇంతసేపూ. ఒడ్డు వైపు తిరిగి పాయని చూశాడు. చేతిలో గాలపు కర్ర మెల్లగా కిందికి వాలింది.

"ఎక్కు," అంది ఆమె.

ఎక్కాడు. ముందు బల్ల మీద, ఆమెకి వీపు పెట్టి కూర్చున్నాడు. నాన్న పడవలో అతను కూర్చోవడం మూడేళ్లలో ఇదే మొదలు. బల్ల అంచుని ఒకసారి అరచేత్తో తడిమాడు. ఆమె పడవని అతని సైకిల్ ఉన్న ఒడ్డుకి తిప్పింది.

దిగాక, సైకిల్ స్టాండ్ తీస్తూ అన్నాడు:

"ఈసారి గుంజ ముట్టుకుంటే చెప్పు."

"నువ్వు గాటు పెట్టినప్పుడు చెప్పావా?"

అతను హ్యాండిల్ రోడ్డు వైపు తిప్పాడు. తర్వాత ఎక్కి వెళ్లిపోయాడు.

ఆదివారం ఆమె మెరక మీదకి వెళ్లింది. గాటు లేదు. దాన్ని తారుతో నింపి, వేలితో నున్నగా రుద్దారు. ఎర్ర గీత మీద కొత్త రంగు. ఒడ్డున సైకిల్ ఉందేమోనని వెనక్కి చూసింది. ఇసుక ఖాళీగా ఉంది.

నీళ్లు తెల్లగీతని తాకాయి. ముందు ఒక తోక లేచింది, తర్వాత మూడు. ఆమె గాలం వెయ్యకుండా, పడవలో ముందు బల్ల మీద కూర్చుని వాటిని చూస్తూ ఉండిపోయింది.

బుధవారం వదిన ఫోన్ చేసింది.

"అమ్మాయ్, ఇవాళ నీళ్లు ఎంత ఎక్కుతాయి?"