అడగని ఇల్లు

అద్దెకు ఇల్లిచ్చేవాళ్లకు లోకంలో ఉన్న అనుమానాలన్నీ ఉంటాయి. మీరేమిట్లు, అంటే ఏ కులం, మాంసం వండుతారా, నీళ్లు ఎక్కువ వాడతారా, ఇంటికి చుట్టాలు ఎక్కువా. అన్నిటికీ సుబ్బరత్నమ్మ దగ్గర సమాధానం ఉంది. ఒక్క ప్రశ్న దగ్గరే ఆమెకు నోరు పెగిలేది కాదు.

"మంచాన పడ్డ మనిషి ఉన్నాడంట గదా?"

ఉన్నాడు. ఆమె మొగుడు వెంకట్రామయ్య. ఆర్టీసీలో డ్రైవరుగా చేసి రిటైరైన మనిషి. పోయిన ఏడు పక్షవాతం వచ్చి కుడిపక్క మొత్తం పడిపోయింది, మాట కూడా పోయింది. ఆస్పత్రివాళ్లు కొన్నాళ్లు ఉంచుకుని, "మనిషికి ఏమీ తెలియటం లేదమ్మా, ఇంక ఇంటికాడే పెట్టుకుని చూసుకోండి" అని పంపేశారు. ఆ మాటకు అర్థం తెలియనివాళ్లు నరసరావుపేటలో ఎవరూ లేరు. అద్దెకున్నవాడు ఇంట్లో పోతే ఇల్లుగలాయనకు మైల. పోయిన నక్షత్రం మంచిది కాకపోతే ఆర్నెల్లు తాళం వేసి ఇల్లు పాడుబెట్టాలి. అందుకని గేటు దగ్గర నవ్వుతూ పలకరించినవాళ్లే ఆ ప్రశ్న అడిగాక, "మా తమ్ముడు వస్తానన్నాడమ్మా, మర్చిపోయా" అనేవాళ్లు. ఊళ్లో ఇంతమందికి ఒకేసారి తమ్ముళ్లు పుట్టుకొచ్చారు.

సొంతిల్లు పెట్టుకుని ఈ దేవులాట ఎందుకంటే, ఆ సొంతిల్లు కూలగొట్టబోతున్నారు. పద్మజా అపార్ట్‌మెంట్లో రెండో అంతస్తు వాళ్లది. మొన్న వానలకు మెట్ల మీద స్లాబు పెచ్చు ఊడి, పాలు తెచ్చుకుంటున్న ఒక ఆడమనిషి భుజం మీద పడింది. మున్సిపాలిటీ వాళ్లు వచ్చి చూస్తే పిల్లర్ల లోపల ఇనుము చేత్తో నలిపితే రాలేటట్టు ఉంది. శుక్రవారానికల్లా అందరూ ఖాళీ చేయాలి, శుక్రవారం పొద్దున మిషను వస్తుంది అన్నారు. కట్టినవాడు ఎప్పుడో చచ్చి స్వర్గానికి పోయాడు, తిట్టుకోవడానికి కూడా మిగల్లేదు. మున్సిపాలిటీ ఇంజనీరు సాయి ప్రియ చిన్నపిల్ల, మంచిపిల్ల. "కమ్యూనిటీ హాల్లో మీకో మూల ఇప్పిస్తానమ్మా, అంకుల్ని అంబులెన్సులో దింపిస్తా" అంది.

"ఆ హాల్లో పోతే ఆయన్ని యాడ పడుకోబెట్టాలమ్మా?" అని అడిగింది సుబ్బరత్నమ్మ.

సుబ్బరత్నమ్మది చాదస్తమనుకునేరు. దీని వెనక ఒక చావు ఉంది. వెంకట్రామయ్య మాచర్ల డిపోలో పనిచేసేటప్పుడు వాళ్లమ్మ అద్దె ఇంట్లో పోయింది. ఇల్లుగలాయన శవాన్ని వసారాలో కూడా ఉంచనివ్వలేదు. రోడ్డు పక్కన లారీ పట్టా కట్టి, దాని కింద పడుకోబెట్టారు. వాన. పట్టాలోంచి నీళ్లు ముసలమ్మ మొహం మీద పడుతుంటే వెంకట్రామయ్య రెండు చేతులూ అడ్డం పెట్టుకుని కూర్చున్నాడు. ఆ ఏడే క్రోసూరులో తన వాటా పొలం తెగనమ్మి ఈ ఫ్లాటు కొన్నాడు. గృహప్రవేశం నాడు పాలు పొంగుతుంటే, అందరి ముందూ, "ఏమే, నేను పోతే ఈ గడపలోంచే పోవాలి. రోడ్డు మీద మాత్రం పెట్టమాక" అన్నాడు. శుభమా అని పాలు పొంగుతుంటే ఆ మాటలేందని ఆమె కసిరింది. మనిషి మొండిఘటం. అన్న మాట మర్చిపోయే రకం కాదు.

ఒక్కగానొక్క కూతురు నీరజ పిడుగురాళ్లలో పై వాటాలో అద్దెకుంటుంది. తీసుకుపోతానని ఇల్లుగలావిడ కాళ్లు పట్టుకున్నంత పని చేసింది. ఆవిడ పట్టుకోనివ్వలేదు, ఒప్పుకోనూ లేదు. నీరజ పొద్దున ఫోన్‌లో ఏడిచి, సాయంత్రం మళ్లీ ఏడిచేది. ఈమే ఊరుకోబెట్టాల్సి వచ్చేది. గోరుచుట్టు మీద రోకటి పోటు.

సోమవారానికి అపార్ట్‌మెంట్ మొత్తం ఖాళీ అయింది. కింది వాటాలో ఉండే ఖాజా మొహిద్దీన్ కూడా పోయిన వారమే సామాను తీశాడు. మిక్సీలు బాగుచేసే కొట్టు అతనిది. ఇరవై ఏళ్లుగా సుబ్బరత్నమ్మను అక్కా అని, వెంకట్రామయ్యను బావా అని పిలిచేవాడు. కరెంటు తీసేశారు. వెంకట్రామయ్య మంచం బాల్కనీ తలుపు పక్కనే ఉంది. అక్కణ్ణించి చూస్తే దూరంగా కోటప్పకొండ కనిపిస్తుంది.

ఆ రోజు ప్రకాష్‌నగర్‌లో చివరి ఇల్లు కూడా కాదన్నారు. పొద్దుగూకేవేళ ఇల్లు చేరి, చెప్పులైనా విడవకుండా బాల్కనీలో చతికిలబడింది. కొండవైపు చేతులు జోడించింది.

"సామీ, నాకు చేతగావటం లేదు. ఊరంతా తిరిగా. ఆయన్ని రోడ్డు మీద పడుకోబెట్టలేను. శుక్రవారం లోపల తీసకపో. ఈ ఇంట్లో ఉండగానే తీసకపో. చేదుకో కోటయ్యా, చేదుకో!"

తిరునాళ్లకు కొండెక్కుతూ, నీ దగ్గరకు లాక్కోమని వేలమంది అరిచే కేకే అది. ఆమే వెంకట్రామయ్య పక్కన నడుస్తూ ఎన్నిసార్లు అరిచిందో. ఇవాళ నోట్లోంచి వచ్చాక గానీ ఏం కోరుకుందో ఆమెకు తెలియలేదు. గబుక్కున వెనక్కి తిరిగి చూసింది. వెంకట్రామయ్య కళ్లు తెరుచుకుని ఉన్నాయి. ఆమెనే చూస్తున్నాయి.

ఆయనకేమీ తెలియదని డాక్టర్లు చెప్పారు గదా అనుకుని, లేచి దీపం వెలిగించింది.

మర్నాడు పొద్దున రాగి జావ చెంచాతో నోటి దగ్గర పెడితే వెంకట్రామయ్య మొహం పక్కకు తిప్పుకున్నాడు. మధ్యాహ్నం కూడా అంతే. నోటి పక్కనుంచి కారిపోతోంది. అన్నం దగ్గర ఆయనకు అబద్ధాలు చెప్పడం సుబ్బరత్నమ్మకు అలవాటే. నీరజ బస్సెక్కింది, వచ్చేసరికి తిని ఉండాలంది. ఇవాళ పింఛను పడిందంది. పాత కండక్టరు చూడటానికి వస్తున్నాడంది. ఏదీ పారలేదు. బుధవారం భయమేసి వీధి చివర ఆరెంపీ డాక్టరును పిలుచుకొచ్చింది. ఆయన దవడ పట్టుకుని చూసి ఆశ్చర్యపోయాడు.

"గొంతు బాగానే ఉందమ్మా. మింగలేక గాదు. పళ్లు బిగబట్టుకుంటన్నాడు."

సుబ్బరత్నమ్మకు కాళ్ల కింద స్లాబు అప్పుడే కూలినట్టయింది. డాక్టరు పోయిందాకా ఆగి, మంచం పక్కన మోకాళ్ల మీద కూర్చుంది. "ఇన్నావా? ఆ మాట ఇన్నావా అయ్యా? అదేందో అలసిపోయి అన్నానయ్యా. నోరుజారి అన్నా. నిన్ను పొమ్మంటానా నేను? తినయ్యా, నీకు దణ్ణం పెడతా." ఆయన ఎడమ చేతిని తీసి తన చెంప మీద కొట్టుకుంది. ఆ చెయ్యి మెల్లగా ఆమె చేతుల్లోంచి జారి, ఆమె తల మీద ఆగింది. పళ్లు మాత్రం విడవలేదు. మొగుడికి ఏమీ తెలియడం లేదని ఏడాదిపాటు ఆయన ముందే అందరికీ చెప్పింది, మహాతల్లి. ఆయనకు అన్నీ తెలుసు. మాటొక్కటే లేదు.

బుధవారం సాయంత్రం మెట్ల మీద చప్పుడైంది. ఖాజా మొహిద్దీన్. ఆయాసపడుతూ వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"ఏంది అక్కా ఇది? నీరజ ఫోన్ చేసి చెప్పిందాకా నాకు తెలవదు. ఊళ్లో అందర్నీ అడిగావంట, నన్ను అడగలేదే?"

నిజమే, అడగలేదు. ఇరవై ఏళ్లు ఆ ఇంటి సేమియా ఈ ఇంటికొచ్చింది, ఈ ఇంటి అరిసెలు ఆ ఇంటికెళ్లాయి. అయినా, ఆయన పోయే ఇల్లు అనుకున్నప్పుడు సాయిబుల ఇల్లు ఆమె మనసులోకే రాలేదు. వచ్చుంటే మాత్రం, చుట్టాలేమంటారో అని ఆగిపోయేది.

"మా అన్న ముర్తుజా ఇల్లు బరంపేటలో తాళమేసి ఉంది. నేనుండేది దాని పక్కనే. ముందుగది పెద్దది, బావ మంచం చక్కంగా పడతది. మా అమ్మ ఆ గదిలోనే పోయింది, నా కూతురు ఆ గదిలోనే పుట్టింది. మాకట్టాంటి పట్టింపులేం లేవు. ఎన్నాళ్లుంటాడో ఉండనీ. రేపు పొద్దున్నే ఆటో తెస్తా."

సుబ్బరత్నమ్మ ఏడుపూ నవ్వూ కలిసిన గొంతుతో మంచం దగ్గరకు పరుగెత్తింది. ఆయన చెవి దగ్గర వంగి, "ఇల్లు దొరికిందయ్యా! మన ఖాజా వాళ్లది. ఎన్నాళ్లైనా ఉండొచ్చంట. ఇంక భయం లేదు, నోరు తెరువయ్యా" అంది. ఖాజా కూడా, "నిజం బావా, అల్లా తోడు" అని అరిచాడు.

వెంకట్రామయ్య ఆమె వైపు చూశాడు. పెళ్లయిన దగ్గర్నుంచీ ఆమెకు తెలిసిన చూపే అది. నీరజ బస్సెక్కిందన్నప్పుడూ, పింఛను పడిందన్నప్పుడూ చూసిన చూపే. ఎంత మంచి అబద్ధం చెప్పావే, అన్నట్టుగా ఎడమ పెదవి కొంచెం నవ్వింది. తర్వాత కళ్లు మూసుకున్నాడు.

ఆమె అరిచింది, ఒట్లేసింది, ఖాజా దగ్గర తాళంచెవి లాక్కుని ఆయన అరచేతిలో పెట్టింది. ఆయన వేళ్లు దాన్ని పట్టుకోలేదు.

గురువారం తెల్లవారుతుండగా పోయాడు.

అన్నీ ఆయన కోరినట్టే జరిగాయి. సొంత గడపలోంచి తీసుకుపోయారు. వాన లేదు. వచ్చినవాళ్లంతా కూలబోయే మెట్లెక్కి వచ్చి చూసి, "అదృష్టవంతుడమ్మా! సొంతింట్లో, టయానికి పోయాడు. కోటయ్య మీ మొర విన్నాడు" అన్నారు. రెండుమూడుసార్లు ఓర్చుకుంది. నాలుగోసారి ఎవరో అంటే సుబ్బరత్నమ్మ నిటారుగా కూర్చుంది.

"కోటయ్య ఇన్లా. ఈయన ఇన్నాడు" అంది.

ఏడుపులో ఏదో అంటోందిలే అనుకున్నారు.

శుక్రవారం మిషను వచ్చింది. ఆయన తల పెట్టిన చోట వెలుగుతున్న దీపాన్ని ఎక్కడికి తీసుకుపోవాలో చుట్టాలు తర్జనభర్జనలు పడుతుంటే, ఎవరినీ అడక్కుండా సుబ్బరత్నమ్మ దీపం చేతిలోకి తీసుకుంది. గాలికి కొంగు అడ్డం పెట్టుకుని ఖాజా తెచ్చిన ఆటో ఎక్కింది. నీరజ పక్కన కూర్చుంది. వెనక మొదటి దెబ్బ పడ్డ చప్పుడు వినబడింది గానీ ఆమె తిరిగి చూడలేదు.

బరంపేటలో ముందుగది నిజంగానే పెద్దది. ఖాజా పెళ్లాం గది కడిగి ఉంచింది. మంచం ఎక్కడ పడుతుందో సుబ్బరత్నమ్మకు చూడగానే తెలిసింది, కిటికీ పక్కన. దీపాన్ని అక్కడ నేలమీద పెట్టింది. పక్కనే కూర్చుని, చెవిలో చెప్పినట్టు మెల్లగా అంది:

"చూడయ్యా. అబద్ధం గాదు."